ప్లేయర్ కొనేముందు మీ రికార్డులే పట్టుకెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో రికార్డు ప్లేయర్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. కుర్రకారు మళ్లీ ఎల్పీలు కొంటున్నారని తెలిసి సంతోషించాను కూడా. కానీ వ్యాసం చివర పెట్టెలో "కొత్త ప్లేయరూ స్పీకర్లూ ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి ఈ రికార్డులు వినండి" అని ఒక జాబితా ఇచ్చారు చూడండి, దాని గురించే ఈ ఉత్తరం. అందులో ఉన్నవన్నీ ఇంగ్లీషు రికార్డులే. మంచివే, నేను కాదనను, వాటిలో రెండు మూడు నా దగ్గరా ఉన్నాయి. అయితే మీ పేపరు చదివే ఇళ్లలో అటక మీద ఉన్న రికార్డులు వేరు, మనవాళ్ల చెవులకు అలవాటైన గొంతులు వేరు. ముప్పై నలభై వేలు పెట్టి సామాను కొనబోయే మనిషికి ఎప్పుడూ వినని రికార్డు చేతికిచ్చి, బాగుందో లేదో చెప్పమంటే ఏం చెబుతాడు? బాగుందనే అంటాడు.

నేను వీణ టీచర్ని. రోజంతా తీగల మధ్యే ఉంటాను కాబట్టి ఏ స్పీకర్లో విన్నా ముందు నా చెవి పట్టుకునేది ఇది అసలు వీణలా ఉందా లేదా అన్నదే. మీకు వీణ తెలియకపోవచ్చు, పెళ్లిలో సన్నాయి తెలుసు కదా, గుడిలో మృదంగం తెలుసు, మీ అమ్మగారు పొద్దున్నే పెట్టే సుప్రభాతం తెలుసు. పరీక్షకు కావలసింది అదే. అసలు శబ్దం మీ జ్ఞాపకంలో గట్టిగా ఉంటేనే యంత్రం ఎక్కడ తేడా చేసిందో దొరుకుతుంది.

షాపుల్లో డెమో కోసం పెట్టే రికార్డులు దేనికి ఎంచుకున్నారో కూడా చూడండి. నిశ్శబ్దంగా మొదలవుతాయి, ఒక గిటారు తీగ టింగుమంటుంది, తర్వాత ఆడగొంతు చెవి దగ్గరికి వచ్చి పాడుతుంది, కింద బాస్ నెమ్మదిగా కదులుతుంది. రికార్డింగే అంత శుభ్రంగా ఉంటే నాసిరకం స్పీకర్ కూడా పెళ్లికూతురిలా కనిపిస్తుంది. దానికి తోడు సేల్స్ కుర్రాడు ఖరీదైన జత పెట్టినప్పుడు వాల్యూమ్ కాస్త పైకి తిప్పుతాడు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవికి "ఇదే బాగుంది" అనిపిస్తుంది, శబ్దం పెరిగిందని తట్టదు. రెండు జతలు పోల్చేటప్పుడు ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, రెండూ ఒకే స్థాయిలో మోగుతున్నాయా అని చూసుకోవడం మీ హక్కు. మొహమాటపడొద్దు.

ఈ మధ్య మా బంధువుల అబ్బాయికి తోడుగా ఒక షోరూముకి వెళ్లాను. సంచీలో నా ఎల్పీలు కొన్ని తీసుకెళ్లాను, అన్నీ ముందురోజే శుభ్రం చేసినవే. పాత ప్లేట్లు వేస్తే ముల్లు పాడైపోతుందండీ, మా రికార్డే వినండి అన్నాడు అక్కడి అబ్బాయి. శుభ్రంగా ఉన్న రికార్డు వల్ల ముల్లుకి ఏమీ కాదు, ఆ ముల్లు పెట్టిందే దానికి. కస్టమర్ తెచ్చిన రికార్డు వెయ్యనివ్వని చోట కొనొద్దని మా బంధువుల అబ్బాయితో చెప్పి, లేచి వచ్చేశాం.

ఇక ఏ రికార్డు దేనికి పనికొస్తుందో నాకు తెలిసినంత చెబుతాను.

అన్నిటికంటే ముందు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం, 1963లో హెచ్ఎంవీ తెచ్చిన ఎల్పీ. తెలుగు ఇళ్లలో దీనికంటే బాగా తెలిసిన రికార్డు ఉందా? భక్తి సంగతి పక్కనపెట్టి శబ్దం దృష్టితోనే చెబుతున్నాను, ఆడియో పరీక్షకి దీన్ని మించినది నాకు దొరకలేదు. కారణం ఆ శ్లోకాల్లోనే ఉంది. "శేషాద్రిశేఖర విభో తవ సుప్రభాతమ్" అన్న పాదం వరసగా ఎన్నో శ్లోకాల చివర తిరిగి తిరిగి వస్తుంది. అందులో శ, ష, స ఎన్ని ఉన్నాయో చూడండి. రికార్డు మీద ముల్లుకి అన్నిటికంటే కష్టమైనవి ఈ అక్షరాలే. కార్ట్రిడ్జ్, అంటే ముల్లు అమర్చి ఉండే చిన్న డబ్బీ, సరిగ్గా బిగించకపోయినా, ముల్లు అరిగిపోయినా "శే" అన్నది "ష్ష్షే" అని ఉమ్మినట్టు చీలిపోతుంది. ఇంకో సంగతి, రికార్డు తిరిగే వేగం ఒకటే అయినా, ముల్లు కింద గాడి కదిలే వేగం మాత్రం ఒకటి కాదు. బయటి అంచు దగ్గర సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు కదిలితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 పైచిలుకు సెంటీమీటర్లకి పడిపోతుంది. అదే పాట అంతే సేపటికి సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కుంటుందన్నమాట. అందుకే ఎల్పీల్లో పక్క చివరి పాటలు గరగరమంటాయి. ఈ రికార్డులో "తవ సుప్రభాతమ్" అన్న అవే మాటలు, అదే గొంతులో మొదట్లో ఒకసారి, ఇంకా లోపలికి వెళ్లాక ఇంకోసారి వినొచ్చు. మొదటి "సుప్రభాతమ్"కీ తర్వాతి దానికీ సకారంలో తేడా వస్తే కార్ట్రిడ్జ్ అమరిక చూడమని అడగండి. దీనికోసం ప్రత్యేకంగా అచ్చేసిన టెస్టు రికార్డులు అమ్ముతారు, వేలల్లో ఉంటాయి. మన పని దీనితో అయిపోతుంది.

అందులోనే ఇంకో మెలిక ఉంది. పాడుతున్నది ఒక్కరు కాదు, పక్కన ఆమె పెంచిన కూతురు రాధా విశ్వనాథన్ గారి గొంతు కూడా ఉంది. ఇద్దరూ ఒకే స్వరం మీద నడుస్తారు. మామూలు బ్లూటూత్ డబ్బాలో వింటే ఒకే గొంతు, కొంచెం లావుగా వినిపిస్తుంది. మంచి సెట్లో అవి రెండు గొంతులని తెలుస్తుంది, ఎక్కడ ఎవరు ఊపిరి తీసుకున్నారో కూడా తెలుస్తుంది. చిన్నప్పటి నుంచీ విన్నా రెండో గొంతు ఉందని గమనించని వాళ్లని నేను చాలామందిని చూశాను.

తర్వాత వీణ. ఈమని శంకరశాస్త్రి గారిది కానీ, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిది కానీ, ఏ ఎల్పీ దొరికినా సరే. వీణలో వినాల్సింది మూడు. మీటు పడిన క్షణంలో గోరు తీగకి తగిలిన చిన్న చప్పుడు విడిగా వినిపించాలి. తర్వాత తీగ లాగినప్పుడు, అంటే గమకంలో, ఆ స్వరం తెగకుండా సాగుతూ చల్లారాలి. మూడోది అనుమంద్రం తీగ. ఆ లావు తీగ మోగినప్పుడు కుండ గుమ్మనడం ఒంటికి తెలియాలి, అలాగని అది బోమ్మని గదంతా నిండి మిగతా తీగల్ని మింగెయ్యకూడదు. చవక స్పీకర్లు ఇక్కడే దొరికిపోతాయి. బాస్ ఎక్కువుంటే కొనేవాళ్లకి నచ్చుతుందని కంపెనీలు అక్కడ కావాలని ఉబ్బిస్తాయి, అప్పుడు అనుమంద్రంలో ఏ స్వరం మీటినా ఒకటే మోత వస్తుంది. పక్కన తాళం తీగలు మూడూ సన్నగా, శుభ్రంగా వినిపిస్తే ట్వీటర్, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్, బాగున్నట్టే.

వీణ సాగదీసిన స్వరం మీదే వేగం సంగతీ బయటపడుతుంది. స్వరం నిలకడగా ఉండాల్సిన చోట నెమ్మదిగా ఊగుతుంటే రెండు కారణాలుండొచ్చు, ప్లేయర్ మోటారు సరిగా లేకపోవడం ఒకటి, రికార్డు మధ్య చిల్లు సరిగ్గా మధ్యలో లేకపోవడం ఇంకోటి. రెండోదైతే ఆ ఊపు ప్రతి చుట్టుకీ, అంటే 1.8 సెకన్లకోసారి, కచ్చితంగా తిరిగొస్తుంది. ముల్లున్న ఆర్మ్ కూడా ఎడమా కుడీ ఊగుతూ కంటికే కనిపిస్తుంది. ఆ తప్పు ప్లేయర్ మీద వెయ్యకండి, ఇంకో రికార్డు పెట్టి చూడండి. మోటారు వేగం తెలుసుకోవాలంటే నెట్‌లో స్ట్రోబ్ అనే గుండ్రటి గీతల కాగితం ఉచితంగా దొరుకుతుంది, మన 50 హెర్ట్జ్ కరెంటుకి, నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి 180 గీతలున్నది ప్రింటు తీసుకోవాలి. దాన్ని ప్లేయర్ పళ్లెం మీద పెట్టి, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు కింద తిప్పితే గీతలు కదలకుండా నిలబడాలి. కొత్త ఎల్ఈడీ బల్బుల కింద చాలావాటికి ఇది పనిచెయ్యదు, అప్పుడు ఫోన్ని పళ్లెం మీద పెట్టి తిప్పి కొలిచే యాప్‌లున్నాయి, అవి వాడుకోవచ్చు.

వేగం కొంచెం అటూ ఇటూ అయితే ఏమిటి అనే వాళ్లున్నారు. నాలాంటి వాళ్లకి చాలా ఉంది. రికార్డుతో పాటు వాయించి నేర్చుకునే పిల్లలున్నారు. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఏకంగా ఒక మెట్టు పైకి పోతుంది. మైల్స్ డేవిస్ 1959లో న్యూయార్క్‌లో చేసిన కైండ్ ఆఫ్ బ్లూ రికార్డు సంగతి జాజ్ వాయించే వాళ్లందరికీ తెలిసిందే. మొదటి రోజు రికార్డింగులో టేపు మిషను నెమ్మదిగా తిరిగింది, దాన్ని మామూలు వేగంతో తిప్పేసరికి ఎల్పీ మొదటి పక్క మొత్తం అసలు శ్రుతి కంటే కాస్త పైన మోగింది. 1990లలో సరిచేసేదాకా ప్రపంచమంతా అలాగే విన్నది, దాంతో కలిపి వాయించబోయిన వాళ్లకేమో శ్రుతి కలవలేదు. అంత పేరున్న రికార్డుకే అలా జరిగింది కాబట్టి శ్రుతి విషయంలో ఒక్క రికార్డుని నమ్మి ప్లేయర్‌కి సర్టిఫికెట్ ఇవ్వకండి.

మూడోది ఘంటసాల గారు. ఆయన 1950ల నాటి సినిమా పాటలన్నీ మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది. పాతవి, మోనో, వీటితో స్టీరియో సెట్టుకేం పరీక్ష అనుకుంటారు. నిజానికి ఇదే కఠినమైన పరీక్ష. రెండు స్పీకర్లకీ సమాన దూరంలో కూర్చుంటే ఆయన గొంతు సరిగ్గా మధ్యలో, గాల్లో, మనిషి నిలబడి పాడినట్టు రావాలి. ఒక పక్కకి ఒరిగితే కార్ట్రిడ్జ్‌లోనో ఆంప్లిఫయర్‌లోనో రెండు చానళ్లు సమానంగా లేవు. మధ్యలో కాకుండా రెండు పక్కలా పరుచుకుని, ఎక్కడుందో తెలియకపోతే ఒక స్పీకర్‌కి ప్లస్సూ మైనస్సూ తిరగబడ్డాయని మొదట అనుమానించాలి. బాగున్న సెట్టులో ఇంకోటి కూడా గమనిస్తారు. గొంతు మధ్యలో ఉంటుంది, గీతల చిటపటలు మాత్రం అటూ ఇటూ చెదిరిపోతాయి, అందుకని పాట వినడానికి ఆ చిటపట అంత అడ్డం రాదు. ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, ఆ చప్పుడు ఇంకా తగ్గుతుంది.

మాట పరీక్షకి ఆయన చివరి రోజుల్లో రికార్డు చేసిన భగవద్గీత. శ్లోకం పాడి, దాని తాత్పర్యం తెలుగులో చెబుతారు కదా, ఆ చెప్పే చోట వినండి. మగగొంతు మామూలుగా మాట్లాడటం మనకి పుట్టినప్పటి నుంచీ తెలుసు, అందుకే అందులో తేడా ఇట్టే పట్టేస్తాం. డ్రమ్ములోంచి మాట్లాడినట్టుంటే స్పీకర్ గోడ మూలకి దగ్గరగా ఉంది, ఒక రెండడుగులు ముందుకి జరపండి. ముక్కుతో మాట్లాడినట్టుంటే మాత్రం జరిపినా బాగుపడదు, ఆ స్పీకర్ తీరే అంత. ఈ రికార్డుని మనం ఇన్నేళ్లుగా గుడి మైకుల్లో, ఇంకా విషాదమైన చోట్ల రేకు గొట్టాల్లోంచి విని విని ఆ గొంతులో ఎంత మెత్తదనం ఉందో మర్చిపోయాం. ఒక్కసారి శుభ్రమైన ఎల్పీ మీద, మంచి స్పీకర్లో వినమని మీ పాఠకుల్ని బతిమాలి చెబుతున్నాను.

సన్నాయికి షేక్ చినమౌలానా గారిది. ఒంగోలు దగ్గర కరవది ఆయన సొంతూరు, తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. సన్నాయి గట్టి వాద్యం, ఆరుబయట వాయించడానికి పుట్టింది. చిన్న ఆంప్లిఫయర్ దాన్ని మొయ్యలేక గీరుకుపోతుంది, వెనక డోలు దెబ్బలు మెత్తబడిపోతాయి. ఇంట్లో మీరు రోజూ పెట్టుకునే వాల్యూమ్‌లో ఒకసారి, దానికి కొంచెం పైన ఒకసారి వినండి. అంతకంటే పైన మనకెలాగూ పనిలేదు, అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటువాళ్లు ఊరుకోరు.

ఇంగ్లీషు రికార్డులు వద్దని నేననడం లేదు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 1973 నాటి ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్‌లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగే చోటు ట్వీటర్‌కి మంచి పరీక్షే. టెలార్క్ వాళ్లు 1979లో తెచ్చిన చైకోవ్‌స్కీ '1812 ఓవర్చర్' అనే ఆర్కెస్ట్రా రికార్డులో నిజం ఫిరంగుల చప్పుడుంది, ఆ దెబ్బకి గాడి ఎంత వంకర తిరిగి ఉంటుందంటే చాలా ప్లేయర్లలో ముల్లు ఎగిరి పడేది. దానికోసమే ఆ రికార్డు కొన్నవాళ్లున్నారు. అది సరదాకి సరే, ఫిరంగి దాటిన ప్లేయర్ వీణ బాగా వినిపిస్తుందని హామీ లేదు. ఎల్పీ అంటే అచ్చమైన అనలాగ్, అంటే శబ్దాన్ని అంకెలుగా మార్చనిది, అని మురిసిపోతూ డెమోలో పెట్టే డైర్ స్ట్రెయిట్స్ వాళ్ల బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్, 1985లో, డిజిటల్‌గా రికార్డు చేసింది. దాని ఎల్పీలో చోటు చాలక కొన్ని పాటలు కత్తిరించారు కూడా. 2022లో అమెరికాలో ఇంకా పెద్ద గొడవే అయింది. పూర్తిగా అనలాగ్ అని అందరూ నమ్మి ఎక్కువ ధర పెట్టి కొన్న మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఒకటుందని బయటపడింది. కోర్టుదాకా వెళ్లింది. అప్పటిదాకా ఏళ్ల తరబడి అందులోని అనలాగ్ మాధుర్యం గురించి రాసినవాళ్లకి ఆ తేడా చెవికి తెలియలేదు. అట్ట మీద మాటల్ని బట్టి రికార్డు ఎంచుకోవద్దని చెప్పడానికే ఇదంతా.

ఉత్తరాది సంగీతంలో అయితే 1967 నాటి కాల్ ఆఫ్ ది వ్యాలీ తెచ్చుకోండి. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారు. బాగా అమ్ముడుపోయిన రికార్డు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. సంతూర్ తీగల మీద చెక్క పుల్ల దెబ్బ పడటం, వెంటనే ఆ వంద తీగలూ కలిసి ఝుమ్మనడం, ఈ రెండూ విడివిడిగా తెలియాలి. వయొలిన్ల గుంపు వినాలంటే ఇళయరాజా గారి హౌ టు నేమ్ ఇట్, 1986. వి.ఎస్. నరసింహన్ గారి సోలో వయొలిన్ ముందుంటుంది, వెనక మిగతా తీగలు. వెనకున్నవి గుజ్జు గుజ్జుగా కలిసిపోతే ఆ సెట్టు పక్కన పెట్టెయ్యండి.

కొన్న తర్వాత ఇంట్లో మళ్లీ ఇవే రికార్డులు వినండి, ఎందుకంటే షాపులో కార్పెట్టు, కర్టెన్లు, మెత్తటి సోఫాలు ఉంటాయి. మన హాల్లో విట్రిఫైడ్ టైల్సు, ఖాళీ గోడలు, పైన తిరిగే ఫ్యాను. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొడితే ప్రతిధ్వని ఎంత వస్తుందో తెలుస్తుంది. ఒక మందపాటి దుప్పటో, జంపఖానాయో పరిచి, కిటికీలకి బరువు కర్టెన్లు వేస్తే వచ్చే తేడా పది వేలు ఎక్కువ పెట్టి స్పీకర్ కొన్నా రాదు. ప్లేయర్నీ స్పీకర్లనీ ఒకే బల్ల మీద పెట్టకండి, శబ్దం బల్లలోంచి మళ్లీ ముల్లులోకి వెళ్లి గుయ్‌మంటుంది. పాట అంతా పల్చగా, మరీ చిన్నగా వస్తుంటే ఫోనో స్టేజ్ లేకుండా ఆంప్లిఫయర్‌కుండే ఆక్స్ అనే మామూలు సాకెట్లో తగిలించి ఉంటారు. రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, దాన్ని తిరిగి సరిచేసేదే ఫోనో స్టేజ్. అలాగని ప్లేయర్‌లోదీ, ఆంప్లిఫయర్‌లోదీ రెండూ ఆన్‌లో ఉంటే మోత భరించలేరు.

తాతగారి పెట్టెలో ఉన్న బరువైన నల్లటి లక్క ప్లేట్లు, 78 వేగానివి, దయచేసి కొత్త ప్లేయర్‌లో మామూలు ముల్లుతో వెయ్యకండి. ఎల్పీ గాడి సన్నం, వాటి గాడి రెండు మూడింతలు వెడల్పు, ముల్లు అడుక్కి పోయి ఊగుతూ రెండూ పాడవుతాయి. వాటికి వేరే ముల్లు దొరుకుతుంది. సూట్‌కేసులా ఉండే చవక ప్లేయర్ల సంగతి కూడా మీ వ్యాసంలో మెచ్చుకుంటూ రాశారు. మంచి కార్ట్రిడ్జ్ రికార్డు మీద దాదాపు రెండు గ్రాముల బరువు మోపుతుంది, ఆ సూట్‌కేసుల్లో చాలావి అయిదు గ్రాముల దాకా మోపుతాయి. అలాంటి దాని మీద అరుదైన వీణ రికార్డు వెయ్యమని నేను ఎవరికీ చెప్పలేను. తీరప్రాంతాల వాళ్లకి ఇంకో మాట, తేమకి ఎల్పీల మీద బూజు పడుతుంది, డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి తుడిచి, పూర్తిగా ఆరాక నిలువుగా పెట్టుకోండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి.

హైదరాబాద్ వాళ్లకి జుమ్మేరాత్ బజార్ ఉంది, గురువారం పొద్దున్నే వెళ్తే పాత ఎల్పీలు కనిపిస్తాయి, వెలుతురులోకి తిప్పి గీతలు చూసుకుని తీసుకోవాలి. మిగతా ఊళ్ల వాళ్లు ముందు సొంత అటక, తర్వాత మేనత్తల, పిన్నిల అటకలు వెతకండి.

సంపాదకులకి నా మనవి ఇది. మీ అనుబంధంలో మళ్లీ ఇలాంటి వ్యాసం వేస్తే ఆ పెట్టెలో ఇంగ్లీషు రికార్డులతో పాటు సగమైనా మనవి వెయ్యండి. రాసేవాళ్లకి ఎల్పీలు కావాలంటే నా దగ్గరున్నవి వినిపించడానికి నేను సిద్ధం, మీ విజయవాడ ఆఫీసు నుంచి ఎవరైనా రావచ్చు, పొద్దున పది లోపు వస్తే పిల్లల పాఠాలు మొదలవకముందు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. షోరూముల వాళ్లు కూడా ఈ ఉత్తరం చదివితే ఒక సుప్రభాతం ఎల్పీ కొని కౌంటర్ దగ్గర పెట్టుకోండి, సెకండ్‌హ్యాండ్‌లో పెద్ద ఖరీదేం కాదు.

ఇట్లు,
ఒక వీణ టీచర్,
విజయవాడ